పన్నెండు వారాల గడువు

అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేయడానికి కాలిఫోర్నియాలో 1942లో గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ అనే సంస్థ మొదలైంది. 1946 నాటికి అక్కడ శిక్షణకు తీసుకున్న కుక్కల్లో నూటికి తొమ్మిది మాత్రమే చివరిదాకా నిలిచేవి. మిగతావి మధ్యలోనే ఇంటిదారి పట్టేవి. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1958లో, ఆ లెక్క నూటికి తొంభైకి చేరింది. ఈ మధ్యలో ఏం జరిగిందన్నది ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకునే ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన కథ.

మొదట్లో అందరూ నమ్మింది రక్తాన్నే. 1899 ఏప్రిల్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూహె కుక్కల ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ అశ్వికదళ అధికారి తోడేలు పోలికలున్న ఒక గొర్రెల కాపరి కుక్కను చూశాడు. వెంటనే కొనేశాడు. హెక్టర్ అన్న పేరు తీసేసి హొరాండ్ అని పెట్టుకున్నాడు. అదే నెలలో ఆ కుక్కల కోసం ఒక సంఘం స్థాపించి, దాని చిట్టాలో మొదటి కుక్కగా హొరాండ్‌నే రాయించాడు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ అల్సేషన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్ వంశం అలా మొదలైంది. మందను రోజంతా చుట్టి తిరిగే ఓపిక, కాపరి సైగను ఇట్టే అందుకునే చురుకు ఉన్నవాటినే ఏరి జతకట్టించాలని స్టెఫానిట్జ్ పట్టుబట్టాడు. అందం సంగతి ఆ తర్వాతే.

ఆ రోజుల్లోనే పోలీసు కుక్కలకు తర్ఫీదిచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో ఒక పుస్తకం రాశాడు. మనుషుల తప్పొప్పుల లెక్క కుక్కకు అంటగట్టకూడదని, అది చేసిన పనికి ఫలితం ఆ క్షణంలోనే అందాలని అందులో చెప్పాడు. పొద్దున చెప్పు కొరికినందుకు సాయంత్రం కొడితే కుక్కకు ఏమీ అర్థం కాదన్నమాట. ఇది ఇప్పటికీ చెల్లే మాట. పట్టీ గుంజి లొంగదీయడం కూడా ఆయన పద్ధతిలో ఉండేది. బాధాకరమైన విషయం ఏమిటంటే, ఇళ్లలోకి ఎక్కువగా చేరింది ఆ గుంజడమే.

మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ గైడ్ డాగ్‌ల బడి తెరిచాడు. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్‌లను పెంచుతున్న అమెరికా మహిళ డొరొతీ హారిసన్ యూస్టిస్ జర్మనీలోని ఇలాంటి బడిని చూసి 1927 నవంబరులో ఒక పత్రికకు వ్యాసం రాసింది. అమెరికాలోని నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడికి తండ్రి దాన్ని చదివి వినిపించాడు. మరుసటి ఏడాది ఫ్రాంక్ స్విట్జర్లాండ్ వెళ్లి బడ్డీ అనే కుక్కతో తిరిగొచ్చాడు. న్యూయార్క్‌లో విలేఖరులు చూస్తుండగా, వాహనాలు దూసుకుపోయే వెస్ట్ స్ట్రీట్‌ను బడ్డీ వెంట దాటాడు. యూస్టిస్‌కు ఒకే ఒక్క మాటతో తంతి పంపాడు: గెలిచాం అని. 1929 జనవరిలో ఇద్దరూ కలిసి సీయింగ్ ఐ సంస్థను స్థాపించారు.

ఈ శిక్షణలో ఒక విశేషం ఉంది. ‘పద’ అని యజమాని ఆజ్ఞాపించినా, ఎదురుగా కారు వస్తుంటే కుక్క కదలకూడదు. చెప్పిన మాట వినడమే కాదు, ఎప్పుడు వినకూడదో కూడా దానికి తెలియాలి. అందుకు మనిషి మీద గురి కుదరాలి, లోకమంటే బెదురు ఉండకూడదు. ఈ రెండూ ఒక కుక్కకు ఎక్కడినుంచి వస్తాయి?

జవాబు మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో దొరికింది. అక్కడి జాక్సన్ లాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పెంచి గమనించారు. జాతికీ జాతికీ తేడాలు కనిపించాయి, నిజమే. ఒకే జాతిలో కుక్కకూ కుక్కకూ మధ్య కూడా పెద్ద తేడాలే కనిపించాయి. అన్నింటికంటే ముఖ్యంగా, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మనసు మచ్చికకు తెరిచి ఉంటుందని తేలింది. 1961లో అచ్చయిన ఒక ప్రయోగంలో కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లలను మనిషి తాకిడి లేకుండా కంచె వెనక పెంచారు. ఎంత సాధుజాతి అనుకున్నా, పద్నాలుగు వారాలదాకా మనిషి చేయి తగలని పిల్లలు అడవి జంతువుల్లాగే తయారయ్యాయి.

గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసిన క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ స్కాట్‌తో కలిసి ఈ సంగతిని తన కుక్కల మీద చూసుకున్నాడు. అక్కడి పిల్లలకు పన్నెండో వారందాకా పరీక్షలు పెట్టి, తర్వాత కుటుంబాల ఇళ్లకు పంపేవారు. పరీక్షలైన వారంలోపే ఇల్లు చేరినవాటిలో నూటికి తొంభై గైడ్ డాగ్‌లయ్యాయి. మూడు వారాలకు మించి కెన్నెల్‌లోనే ఉండిపోయినవాటిలో ముప్ఫై మాత్రమే నిలిచాయి. అవే తల్లులు, అదే తిండి, అదే శిక్షణ. ఊచల వెనక గడిచిన ఆ కాసిని వారాలే తేడా.

జాతికి విలువే లేదని దీని అర్థం కాదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 18,385 కుక్కల యజమానులు చెప్పిన వివరాలను పరిశీలించింది. మాట వినే గుణం లాంటి కొన్నింటిలో జాతి ప్రభావం కనబడింది. మొత్తంగా చూస్తే మాత్రం కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతితో చెప్పగలిగింది 9 శాతమే. అయినా కుక్కను తెచ్చుకునే ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ‘ఏ జాతి?’ అనే. తల్లి దగ్గర ఎన్నాళ్లుంది, ఎంతమంది ఎత్తుకున్నారు అని అడిగేవాళ్లు అరుదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నిబంధనలు చెబుతున్నాయి. బజారులో మాత్రం ‘నలభై అయిదు రోజుల పిల్ల’ అన్నది ఇంకా అలవాటు మాటే. అంటే ఏడో వారమైనా నిండలేదు.

తెచ్చుకున్నాక ఇంకో చిక్కు వస్తుంది. పార్వో అనే జబ్బు సోకుతుందన్న భయంతో టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను గడప దాటనివ్వరు. అవి పూర్తయ్యేసరికి పన్నెండో వారం వెళ్లిపోతుంది. మొదటి టీకా పడిన వారానికల్లా కొత్త మనుషులను, కొత్త చోట్లను చూపించడం మొదలుపెట్టవచ్చని అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. పిల్లను కింద దించనక్కర్లేదు. చంకనెత్తుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తే చాలు. ఆటో మోత, గొడుగు విప్పిన చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, బడి నుంచి అరుచుకుంటూ వచ్చే పిల్లలు, ఇంటికొచ్చాక కుక్కర్ ఈల.