ఊరికే వచ్చిన ఓడ

"ఓడ ఊరికే ఇస్తాం, బాగుచేసే ఖర్చు మాత్రం మీరు పెట్టుకోండి." గోర్ష్‌కోవ్ అనే పాత విమానవాహక నౌక విషయంలో రష్యాతో మన బేరం క్లుప్తంగా ఇదీ. 1987లో సోవియట్ నౌకాదళంలో చేరి, 1996లో మూలన పడ్డ ఓడ అది. 2004 జనవరిలో సంతకాలయ్యాయి. మరమ్మత్తులకి 97.4 కోట్ల డాలర్లు, 2008 కల్లా చేతికిస్తారు.

తర్వాతేమైందో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదనుకుంటా! విప్పి చూస్తే అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కేబుళ్ళు మార్చాల్సి వచ్చింది. 2007లో రష్యా ఈ డబ్బు చాలదంది. అప్పటికే బోలెడు కట్టేశాం. ఇక్కడ చూస్తే విరాట్ ముసలిదైపోతోంది. 2009లో కాగ్ అక్షింతలు వేసినా, 2010లో దాదాపు 230 కోట్ల డాలర్లకి ఒప్పుకున్నాం. 2012లో సముద్రంలో పరీక్షిస్తే ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. ఎట్టకేలకు 2013 నవంబర్ 16న విక్రమాదిత్య పేరుతో మనదై, 2014 జనవరిలో కర్ణాటకలోని కార్వార్ చేరింది.

రష్యా మోసం చేసిందనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. పూర్తిగా విప్పకుండా వేసిన అంచనా మీద ఇద్దరూ సంతకం పెట్టారు. కాకపోతే వాళ్ళ దగ్గర ఓడ ఉంది, మన దగ్గర వేరే దారి లేదు. అంతే తేడా.

2022లో కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన విక్రాంత్ నౌకాదళంలో చేరింది. అదీ ఆలస్యమే, దాని ఖర్చూ పెరిగిందే. కానీ ఆ డబ్బుతో పని నేర్చుకున్నది మనవాళ్ళు. రేపు ఎవరైనా "ఇంకో వంద కోట్లు పెట్టండి" అంటే, "మేమే కట్టుకుంటాం లెండి" అనగలం కదా!