శాసనసభ్యుల బదిలీలు

ప్రభుత్వోద్యోగికి బదిలీ యనునది క్రొత్త మాట కాదు. తెలుగుదేశమున పుట్టి తపతీ తీరమున కొలువు చేయుచున్న మనకు దానిని వివరింప బనిలేదు. కాని ప్రజలు ఒక సభకు ఎన్నుకొనిన ప్రతినిధులు మూకుమ్మడిగా మరియొక సభకు బదిలీయగుట కొంత విచిత్రమైన సంగతి. మన ఆంధ్ర శాసనసభయు, మనకిప్పుడు నివాసభూమియైన గుజరాతు శాసనసభయు ఈ విధముగనే పుట్టినవి. రెండింటికిని తొలినాట ప్రత్యేకముగా ఎన్నికలు జరుగలేదు.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో మదరాసు శాసనసభకు 375 స్థానములుండెను. తెలుగు జిల్లాల ఓటరు ఆనాడు మదరాసు సభకే ప్రతినిధిని పంపెను. ఆ సంవత్సరము డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము జరిగినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. మదరాసు సభలోని 140 మంది సభ్యులు, తిరిగి ప్రజల ముంగిటికి పోకుండగనే, ఆంధ్ర శాసనసభ్యులైరి. నల్లపాటి వెంకటరామయ్యగారు సభాపతి. రాజధాని కర్నూలు, కచేరీలు పెక్కు డేరాలలో నడచినవి. మన పూర్వ సహోద్యోగులు ఆ డేరాల క్రింద, వానకు తడిసిన దస్త్రములతో, ఒక రాష్ట్రమును నడిపిరన్న సంగతి మనము మరువరాదు.

చిక్కు డేరాలతో రాలేదు, లెక్కలతో వచ్చినది. 375 మంది సభలో నొక భాగముగా నున్న వారిని వేరుచేసి చూడగా, ఏ పక్షమునకును సగము బలము లేకపోయెను. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రియైరి గాని, వారి క్రిందనున్న పీఠము గట్టిది కాదు. పదమూడు నెలలు గడచీ గడువక మునుపే, 1954 నవంబరు 6వ తేదీన, మద్యనిషేధ సమస్యపై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒకే యొక్క ఓటు తేడాతో నెగ్గినది. మంత్రివర్గము పడిపోయినది, సభ రద్దయినది. ఈ పతనమునకు కారణము పంతులుగారి పట్టుదలయే యని కొందరందురు. వేరొక సభ కొరకు జరిగిన ఎన్నికల ఫలితముతో క్రొత్త రాష్ట్రమును నడుపజూచుటయే అసలు కారణమని నా యభిప్రాయము.

1955లో 196 స్థానములకు ఎన్నికలు జరిగి, ఆంధ్రులకు తామై ఎన్నుకొన్న సభ లభించినది. దీని కథయు వింతయే. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడెను. 1957లో తెలంగాణ ప్రాంతమున మాత్రమే 105 స్థానములకు ఎన్నికలు జరిపి, 1955లో నెగ్గిన ఆంధ్ర సభ్యులను 1962 వరకు కొనసాగనిచ్చి, మొత్తము 301 మంది సభ చేసిరి. బదిలీయే కాదు, సర్వీసు పొడిగింపు కూడ దొరికినదన్నమాట! పొడిగింపు కొరకు అర్జీలు పెట్టుకొను మనవంటివారికి ఈర్ష్య కలిగించు విషయమిది.

ఇక గుజరాతు. 1957లో ద్విభాషా బొంబాయి రాష్ట్ర శాసనసభకు 396 స్థానములుండెను. 1960 మే 1వ తేదీన రాష్ట్రము విడిపోగా 264 మహారాష్ట్రకును, 132 గుజరాతునకును వచ్చినవి. సరిగా రెండుపాళ్లు, ఒకపాలు. శాసన మండలి మహారాష్ట్రకే దక్కినది. గుజరాతునకు నేటివరకు ఎగువసభ లేదు. ఆంధ్రప్రదేశమున మండలి 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో మరల ప్రాణము పోసుకొన్నది.

గుజరాతు సభ మొదట కూర్చున్నది అహమ్మదాబాదు సివిలు ఆసుపత్రి భవనములో. తొలి సభాపతి మన సూరతు జిల్లావారే: బార్డోలీ సత్యాగ్రహ కాలమునుండి ఈ ప్రాంతమున ప్రజాసేవ చేసిన కల్యాణ్‌జీ మెహతాగారు. కర్నూలులో వలె ఇచట లెక్క తప్పలేదు. 132 మందిలో కాంగ్రెసునకు స్పష్టమైన ఆధిక్యముండుటచే, జీవరాజ్ మెహతాగారి ప్రభుత్వము 1962 ఎన్నికల దాక నిశ్చింతగా నడచినది.

ఓటు విలువను గూర్చి సూరతువారు మన ప్రకాశం పంతులుగారి కథ విని నేర్చుకొనవలసిన దేమియు లేదు. 1952లో మొరార్జీ దేశాయిగారు, నాడు సూరతు జిల్లాలోనిదైన బల్సారు ప్రాంతమునుండి పోటీచేసి, 19 ఓట్ల తేడాతో ఓడిపోయిరి. అయినను ఆ యేడే బొంబాయి ముఖ్యమంత్రియైరి. సభ్యుడు కానివాడు ఆరు నెలలు మంత్రిగా నుండవచ్చునని మన రాజ్యాంగము చెప్పుచున్నది. ఒక సమావేశము ముగిసిన పిదప ఆరు నెలలు దాటకుండ సభ మరల కూడవలెనని 174వ అధికరణము విధించుచున్నది. ఆ ఆరు నెలలు పట్టు, ఈ ఆరు నెలలు విడుపు.

ఇట్టి బదిలీలలో న్యాయమెంత? ప్రతినిధి తన నియోజకవర్గమునకు చెందినవాడు గాని సభకు చెందినవాడు కాడని చట్టము భావించును. అది సమంజసమే. కాని ఓటరుకు ముందుగా తెలిసినదా లేదా యన్నది కూడ చూడవలెను. 1952లో గుంటూరు రైతు తన సభ్యుడు మరుసటి యేడే కర్నూలులో కూర్చుండునని ఎరుగడు. 1957లో సూరతు వర్తకునకు మహాగుజరాతు ఉద్యమము వలన ప్రశ్న తెలియును, జవాబు తెలియదు. 2014లో మాత్రము విభజన చట్టము ముందే వచ్చినది. ఏప్రిలు, మే నెలలలో 294 స్థానములకు ఓటువేసినవారందరు, తమ సభ్యుడు 175 మంది ఆంధ్రప్రదేశ్ సభలో నుండునో, 119 మంది తెలంగాణ సభలో నుండునో ఎరిగియే వేసిరి. ఆ 294 మంది ఒక్కదినమైనను ఒక సభగా కూడలేదు. జూన్ 2వ తేదీన రాష్ట్రములు వేరైనవి. రెండు సభలును ఆ నెలలోనే హైదరాబాదులో విడివిడిగా సమావేశమైనవి. ఆంధ్రప్రదేశ్ సభ 2017లో వెలగపూడికి తరలినది.

గుజరాతు సభ్యుల సంఖ్య 132 నుండి 1962లో 154కు, 1967లో 168కి, 1975లో 182కు పెరిగి అచటనే నిలిచినది. సభ గాంధీనగరు చేరి, 1982 నుండి విఠల్‌భాయి పటేల్ పేరిట వెలసిన భవనములో కూడుచున్నది. సూరతు జిల్లాకు అందు 16 స్థానములు. తెలంగాణనుండి మగ్గము పనికై వచ్చి స్థిరపడిన మన నేత కుటుంబములు పెక్కు నివసించు లింబాయత్, 2008 పునర్విభజనలో ఏర్పడిన నియోజకవర్గము.