చేతులు మారిన సైన్యములు

సంక్రాంతికి గాని దసరాకు గాని మన యిండ్లలో బొమ్మల కొలువు తీర్చుట కలదు. అటక మీది పెట్టె దింపి, ఏడాది పొడుగున పాతగుడ్డలలో చుట్టియుంచిన బొమ్మలను విప్పినప్పుడు ఇంటి పెద్దలు మొట్టమొదట చేయు పని మరమ్మతు. రంగు వెలసిన ఏనుగుకు కొత్త పూత, చేయి విరిగిన సెట్టిగారికి జిగురు, నిలువలేని పక్షికి అడుగున ఒక చెక్కముక్క. అమ్మమ్మనాటి బొమ్మను పారవేసి కొత్తది కొనుటకు మనవారికి మనసొప్పదు. ఐరోపాలో ఇట్టి పనినే యుద్ధచరిత్రతో ముడివేసి చేయువారు అనేకులు కలరు. వారి బొమ్మలు సీసపు సిపాయిలు. వారి కొలువు యుద్ధరంగము. అట్టి బొమ్మలను పాతవిగా కొని, బాగుచేసి, పీఠములు మార్చి నిలుపుటలో నాకు కొలది అనుభవము కలదు. పీఠము మార్చుట కేవలము జిగురుపని కాదనియు, అందు చరిత్ర వ్రాయువాని బాధ్యత కొంత ఇమిడియున్నదనియు నాకు తోచినది. దానిని పాఠకులకు మనవి చేయుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ క్రీడకు రెండు మూలములు కలవు. మొదటిది బాలుర ఆటవస్తువు. పదునెనిమిదవ శతాబ్దిలో జర్మనీలోని న్యూరెంబర్గు పనివారు రేకువలె పలుచనైన తగరపు సైనికులను పోతపోసి అమ్మిరి. 1893లో లండనులోని విలియం బ్రిటన్ సంస్థవారు గుల్లపోత పద్ధతిని ప్రవేశపెట్టిరి. కరిగిన లోహమును అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపలి ద్రవమును వంచివేయుదురు. దీనితో లోహము తగ్గెను, వెలయు తగ్గెను. రెండవ మూలము సైనిక శిక్షణ. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను యువసైనికాధికారి, తన తండ్రి కల్పించిన క్రీడను సంస్కరించి, పటముపై దిమ్మలు జరుపుచు వ్యూహరచన నభ్యసించు విధానమును 1824లో ప్రకటించెను. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున సీసపు సిపాయిలతో ఆడు నియమములను కూర్చెను. మరుసటి యేటనే మహాసంగ్రామము నిజముగా వచ్చిపడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇది పెద్దల వినోదముగా స్థిరపడి, బొమ్మల యెత్తు 54 మిల్లీమీటర్ల నుండి 25కును, పిమ్మట 15కును దిగినది.

ఒక సైన్యము కూర్చుటకు ఏండ్లు పట్టును. కూర్చినవారు విసిగినను, గతించినను, ఆ సైన్యము పెట్టెలలోనికెక్కి అమ్మకమునకు వచ్చును. కొనువాడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది పరిమాణము. 25 మిల్లీమీటర్ల బొమ్మయని చెప్పబడు రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో ఒకడు రెండవవాని భుజము దాటకపోవచ్చును. రెండవది లోహము. పాత పోతలలో సీసము హెచ్చు. ఓక్ చెక్క బీరువాలలోను, చౌకరకపు అట్టపెట్టెలలోను ఉంచినచో, అందుండి వెలువడు ఆమ్లపు ఆవిరులకు సీసము బూడిదవన్నె పొడిగా మారి రాలిపోవును. ఈ తెగులు ముదిరిన బొమ్మకు వైద్యము లేదు. మూడవది విక్రేత మాట. నేను కొనిన పెట్టెను గూర్చి “స్వల్పమైన మరమ్మతు అవసరము” అని వర్ణింపబడియుండెను. విప్పి చూడగా నలువది బొమ్మలలో తొమ్మిదింటికి తుపాకులు లేవు, నాలుగింటికి కాళ్లు లేవు, సేనాపతి గుఱ్ఱము దిగి వేరుగా పడియుండెను.

మరమ్మతునకు గొప్ప పరికరములు అక్కరలేదు. మెడ విరిగిన గుల్లబొమ్మలో అగ్గిపుల్ల ముక్క దూర్చి తల నిలుపుట పూర్వపు పిల్లలెల్ల ఎరిగిన ఉపాయము. గట్టిపోత బొమ్మ కాలు విరిగినచో, సన్నని బరమాతో రెండు వైపుల రంధ్రము చేసి, ఇత్తడి తీగముక్క నమర్చి, ఎపాక్సీ జిగురుతో అతుకవలెను. పాత రంగు తీయుటకు మన ఇంటి డెట్టాలే చాలును. ఒక రాత్రి నానబెట్టి, వాడిన పండ్లబ్రష్షుతో రుద్దినచో రంగు ఊడివచ్చును. అయితే ముందు డెట్టాలుతోనే తొలిచి, తరువాత సబ్బునీట కడుగవలెను. తొందరపడి నీరు పోసినచో రంగంతయు జిగటముద్దయై బొమ్మను పట్టుకొనును. చేతులకు తొడుగులుండవలెను. సీసమును ఆకురాయితో రాచినచో ఆ పొడి ఇంట నిలువరాదు, పిల్లలకు అందరాదు. ఇన్నియు చెప్పి ఒక మాట చేర్చుచున్నాను. పూర్వపు యజమాని శ్రద్ధతో వేసిన రంగును, అది మన రంగు కాదను నెపమున తీసివేయుట తగదు.

ఇక పీఠములు. సైనికులను ఒక్కొక్కనిగా గాక, గుంపుగా ఒక పలకపై అతికి జరుపుట ఈ క్రీడలో పరిపాటి. నియమగ్రంథము మారినప్పుడెల్ల పలక కొలత మారును, పాత సైన్యమంతయు కొత్త పలకల కెక్కవలసివచ్చును. 1990లో వెలువడిన ‘డి బెల్లిస్ యాంటిక్విటాటిస్’ అను నియమావళిలో 15 మిల్లీమీటర్ల బొమ్మలకు పలక వెడల్పు 40 మిల్లీమీటర్లు. దానిపై బారులు తీరిన బల్లెపువారు నలుగురు నిలుతురు. చెదరి పోరాడు విలుకాండ్రు ఇద్దరే నిలుతురు. విలుకాండ్రను నలుగురిని ఎక్కించినచో అందముగానే యుండును గాని, వారు పోరాడిన తీరును గూర్చి అబద్ధము చెప్పినట్లగును. పాత పలకనుండి బొమ్మను విడదీయుటకు, తెల్లజిగురైనచో నీట నానబెట్టవలెను. క్షణములో అంటుకొను జిగురైనచో ఫ్రీజరులో నుంచిన పెళుసై విడిపోవును.

నా పెట్టెలోని పలకలను అట్లు విడదీయుచుండగా ఒకదాని అడుగున పెన్సిలు వ్రాత కనబడెను. ‘రాస్‌బాఖ్’ అని యుండెను. 1757 నవంబరు 5వ తేదీన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సుమారు 22 వేల సేనతో, దాదాపు రెట్టింపు సంఖ్య గల ఫ్రెంచి, జర్మన్ సామ్రాజ్య సేనలను రెండు గంటలలోపల చెల్లాచెదరు గావించిన స్థలమది. ఎవరో అజ్ఞాతుడు ఆ దినమును తన బల్లపై నిలుపుటకు ఈ ఫ్రెంచివారిని ఏండ్లతరబడి కూర్చెనన్నమాట. 1757 అనగానే తెలుగువానికి స్ఫురించునది రాస్‌బాఖ్ కాదు. ఆ యేడే జనవరి 24వ తేదీన బుస్సీ సేన విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షమున బొబ్బిలి కోటను ముట్టడించెను. ఈ ఫ్రెంచివారిని బొబ్బిలికి మరల్చరాదా యని నాకు ఆశ పుట్టెను.

ఈ ఆశ ఎంత జాగ్రత్తతో కూడియుండవలెనో కెప్టెన్ విలియం సైబోర్న్ కథ తెలుపుచున్నది. వాటర్లూ యుద్ధమునకు నమూనా చేయుమని 1830లో ఆయనకు ఉత్తరువైనది. ఆయన ఆ రంగముననే నెలలతరబడి నివసించి నేలను కొలిచెను. బ్రతికియున్న అధికారులకు, సాయంకాలము 7 గంటలకు మీ దళమెక్కడ నుండెనని జాబులు వ్రాసెను. 1833లో ప్రభుత్వము ధనసహాయము నిలిపివేసెను. స్వంత ఖర్చుతోను, అప్పులతోను పూర్తిచేసి 1838లో లండనున ప్రదర్శించెను. అందు 70 వేలకు పైగా చిట్టి సైనికులు కలరు. ఆ గంటకు ప్రష్యనులు ఎందరు, ఎంత ముందుకు వచ్చియుండిరను విషయమున పెద్దల అసమ్మతి ఆయనను వెంటాడెను. తుదకు ఆయన వారి స్థానములను మార్చుటకు ఒప్పుకొనెను. ఆ నమూనా నేడు లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో నున్నది. తగరపు బొమ్మను అంగుళము జరుపుట విజయకీర్తిని జరుపుటయే యని అందరికి నాడే తెలిసినది.

నేను కోట గీచితిని, ఫ్రెంచివారిని వెలుపల నిలిపితిని. మొదటి చిక్కు దుస్తులది. రాస్‌బాఖ్ వద్ద నిలిచినది ఫ్రాన్సు రాజసేన; బుస్సీ క్రిందిది వర్తక కంపెనీ సేన, అందు మన దేశపు సిపాయిలును కలరు. తెల్లకోటు వారినే ఇచ్చట నిలిపి బొబ్బిలి యనుట సరికాదు. రెండవ చిక్కును మా అమ్మాయి చూపినది. బల్లవద్ద కొంతసేపు నిలిచి, “కోటలో వాళ్లేరి నాన్నా?” అని అడిగినది. నిజమే. పాతసరుకులో దొరకునవి, అమ్మినవాని దేశమువారు ఎవరిని తలచుకొనిరో వారి బొమ్మలే. రంగారావు పక్షమువారు నా పెట్టెలో ఒక్కరును లేరు. లప్పముతో తలపాగాలు చుట్టి ఆ వీరులను కల్పించుకొనవచ్చును. కాని ఆ దినమున కోట నిలువదని తెలిసినపిమ్మట తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిన స్త్రీలకు, శిశువులకు ఏ నియమావళిలోను పలక లేదు. పాచికలు వేసి లెక్కించు ఆటలో వారు గెలుపునకు గాని ఓటమికి గాని చేరరు. బొబ్బిలి కథకు ప్రాణము మాత్రము వారే. మూడు దినముల పిమ్మట విజయరామరాజు గుడారమున తాండ్ర పాపారాయడు తీర్చుకొనినది వారి పగయే.

అందుచేత నేను పాచికలు వేయలేదు. ఫ్రెంచివారిని మరల రాస్‌బాఖ్‌కే పంపితిని. కొత్త పలకల కెక్కించునప్పుడు, పెన్సిలు వ్రాత గల పాత అట్టముక్కను కత్తిరించి కొత్త పలక అడుగున అతికితిని. దాని ప్రక్కన నేను మరమ్మతు చేసిన సంవత్సరమును వ్రాసితిని. రేపు ఈ సైన్యము మరియొకరి చేతికి పోవును. వారు తమ యిష్టము వచ్చిన యుద్ధమున నిలుపుకొందురు గాక; అడుగున త్రిప్పి చూచినచో అంతకుముందు ఎవరు, దేనికై నిలిపిరో తెలియును. బొబ్బిలి కోట పటమును బీరువాలో దాచియుంచితిని. లోపలివారిని నిలుపగల మార్గము దొరికిన దినమున దానిని విప్పెదను.