కర్కదే, మందారం, పుంటికూర: ఒక షర్బత్ చరిత్ర

పేట్ బషీరాబాద్ అన్న పేరులో మూడు భాషలు ఒదిగి ఉన్నాయి. 'పేట' తెలుగువారి నోట నిత్యం నలిగే మాట. 'బషీర్' అరబ్బీ పదం. శుభవార్త తెచ్చేవాడని దాని అర్థం. 'ఆబాద్' ఫార్సీ, జనంతో కళకళలాడే చోటును ఆ మాటతో పిలుస్తారు. సికింద్రాబాదు నుంచి మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే రహదారిపై ఉన్న ఈ ఊరు, 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందు హైదరాబాదు జిల్లాలోనిది. 2016 నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిది. మూడు భాషలు కలిసి ఒక ఊరి పేరు కావడం మన నేలపై వింత కాదు. అదే మూడు భాషలు ఒక మొక్క విషయంలో మాత్రం ఒకదానినొకటి గుర్తుపట్టలేకపోయాయి. ఆ మొక్క నుంచి వచ్చే ఎర్రని చల్లని పానీయమే ఈ వ్యాసానికి విషయం.

హజ్, ఉమ్రా యాత్రల నుంచి, గల్ఫ్ కొలువుల నుంచి తిరిగి వచ్చేవారి పెట్టెల్లో ఖర్జూరాల పక్కన ఒక్కొక్కసారి ముదురెరుపు రంగు ఎండు రేకుల పొట్లం కనిపిస్తుంది. దాని మీద అరబ్బీలో 'కర్కదే' అనీ, ఆంగ్లంలో 'హైబిస్కస్' అనీ ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు నిఘంటువు తిరగవేసి అది 'మందారం' అని తేల్చివేస్తారు. ఆ తరువాత ఎవరికైనా ఆ పానీయం రుచించిందా, పెరట్లోని మందారాలు కోసి మరిగిస్తారు. రంగు కొంత వస్తుంది, పులుపు రాదు. నీరు కాస్త జిగురుగా కూడా మారుతుంది. అరబ్బు దేశాల పువ్వు వేరు, మన పువ్వు వేరు కాబోలునని సరిపెట్టుకుంటారు. పొరపాటు పువ్వుది కాదు, అనువాదానిది. పారిభాషిక పదాలను కుదర్చడానికే 1917లో దారుత్తర్జుమాను నెలకొల్పుకున్న నగరం పరిసరాల్లో ఇలాంటి పొరపాటు నిలిచిపోవడం విచిత్రమే.

ఐరోపా వృక్షశాస్త్రంలో 'హైబిస్కస్' ఒక మొక్క పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. స్వీడన్ దేశస్థుడైన లినేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలోనే దేవకాంచనం వలె అందానికి పెంచే మందారానికి ఒక పేరు, కర్కదే మొక్కకు మరొక పేరు ఇచ్చాడు. మొదటిది హైబిస్కస్ రోజా-సైనెన్సిస్, రెండవది హైబిస్కస్ సబ్దరిఫా. ఈ రెండవదే తెలుగువారి ఎర్ర గోంగూర. తెలంగాణ పల్లెల్లో దానిని పుంటికూర అంటారు. హైదరాబాదు ముస్లిముల ఇళ్లలో 'అంబాడా' అంటారు. మాంసంతో కలిపి వండే అంబాడా గోష్త్ తెలియని దస్తర్‌ఖాన్ ఈ ప్రాంతంలో అరుదు. అంటే మక్కా నుంచి పొట్లం కట్టించుకుని తెచ్చుకున్నది, రేపు కూరలోకి కొనబోయే మొక్కకు చెందినదే.

మదరసాలో చదువుకున్నవారికి ఇక్కడ మరొక చిక్కు ఎదురవుతుంది. అరబ్బీ వృక్షశాస్త్ర గ్రంథాలు 'హైబిస్కస్'ను సాధారణంగా 'ఖిత్మీ' అని అనువదిస్తాయి. హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాల జనాజా ప్రకరణంలో మృతుని తలను, గడ్డాన్ని కడగడానికి చెప్పిన ఖిత్మీ ఇదే మాట. యూనానీ దుకాణాల్లో దగ్గు మందుగా దొరికే 'తుఖ్మె ఖత్మీ' గింజలు కూడా దానివే. ఆ మొక్క కూడా మందారం కుటుంబానికి చెందినదే గాని, పుంటికూరా కాదు, మందారమూ కాదు. ఒక ఐరోపా పేరు ముగ్గురు దాయాదులను ఒకే గదిలో కూర్చోబెట్టింది. తలుపు తీసిన అనువాదకుడు ఎవరు ముందు కనిపిస్తే వారి పేరు రాసుకుని వెళ్లిపోయాడు.

పేర్ల సంగతి అక్కడితో ఆగలేదు. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా ఖండమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సూడాన్‌లోని కుర్దుఫాన్, దార్ఫూర్ ప్రాంతాల్లో, ఈజిప్టులోని అస్వాన్ పరిసరాల్లో కర్కదే పేరుగాంచిన పంట. సెనెగల్‌లో ఈ పానీయాన్ని 'బిస్సాప్' అంటారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా చెరపట్టబడి పోయిన ప్రజలతో పాటు ఇది అట్లాంటిక్ దాటి జమైకా ద్వీపం చేరింది. మెక్సికో దేశస్థులు ఈ ఎండు రేకులను నేటికీ 'జమైకా' అనే పిలుస్తారు. ఇరాన్‌లో దీనికి 'చాయె తుర్ష్', అనగా పుల్లని టీ అని పేరు. ఇరాక్‌లో మాత్రం దీనిని 'చాయ్ కుజరాత్' అంటారు. కుజరాత్ అంటే మన గుజరాత్. బగ్దాదు వాసి దృష్టిలో ఇది హిందూ దేశపు వస్తువు; హైదరాబాదు వాసి దృష్టిలో అరబ్బు దేశపు వస్తువు. ఎవరికి వారు దీనిని పక్కవాడి సొత్తుగానే భావించారు.

మరి శతాబ్దాలుగా ఈ మొక్కను పండించి తింటున్న తెలుగువారికి దీని పానీయం ఎందుకు అలవాటు కాలేదు? జవాబు రుచిలో లేదు, కోత కాలంలో ఉన్నది.

కర్కదే నిజానికి పువ్వు కాదు. పువ్వు రేకులు లేత పసుపు రంగులో విచ్చుకుని ఒక్క రోజులో వాడిపోతాయి. వాటి అడుగున ఉండే రక్షక పత్రాలు ఆ తరువాత కండపట్టి, ఎర్రబడి, లోపలి గింజల కాయను గిన్నెలా చుట్టుకుంటాయి. పానీయానికి కావలసినది ఆ గిన్నె. వర్షాలకు మొలిచిన మొక్క పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది కనుక ఆ గిన్నెలు చేతికి వచ్చేసరికి చలికాలం అవుతుంది. మన కూరగాయల రైతు అంత కాలం ఆగడు. ఆకు లేతగా ఉండగానే మొక్కను వేళ్లతో సహా పెరికి కట్టలు కట్టి అంగడికి పంపుతాడు. నార కోసం పండించేవారు కూడా ఆగరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పేరిట సాగయ్యే నార పంటను పూత సగమైన దశలోనే కోస్తారు, ఆలస్యమైతే నార ముతకబారుతుంది కనుక. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం దశాబ్దాలుగా పరిశోధించినదీ ప్రధానంగా ఈ నార గురించే. ఆకు కోసం కోసినవాడు, నార కోసం కోసినవాడు, ఇద్దరూ గిన్నె ఎర్రబడకముందే కొడవలి వేశారు. విత్తనానికి విడిచిన నాలుగు మొక్కల మీద మాత్రమే ఆ ఎరుపు కనిపించేది. కొన్ని ఇళ్లలో దానితో పచ్చడి నూరేవారు. మిగిలినది ఎండి రాలిపోయేది.

హైదరాబాదులో 'గుడ్‌హల్ కా షర్బత్' అన్నది ఒకటున్నది కదా అని పాఠకులు అడగవచ్చు. ఉన్నది, అది మందారానిదే. యూనానీ వైద్యంలో షర్బత్ అంటే మొదట దాహం తీర్చే పానీయం కాదు, మందును చక్కెర పాకంలో నిలవచేసే పద్ధతి. తాగడం అన్న అర్థమున్న అరబ్బీ ధాతువు 'ష-ర-బ' నుంచే షర్బత్, షరాబ్ రెండూ పుట్టాయి; ఆంగ్లేయుల 'సిరప్' కూడా ఆ ఇంటిదే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ పక్కన వెలసిన నిజామియా తిబ్బీ వైద్యశాల వంటి చోట్ల హకీములు రాసిచ్చే షర్బత్‌లు చెంచాల లెక్కన తీసుకునేవి. 1906లో ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ హమ్‌దర్ద్ దవాఖానాను స్థాపించిన తరువాత వచ్చిన రూహ్ అఫ్జాతో షర్బత్ ఔషధాల అర నుంచి అతిథుల పళ్లెంలోకి నడిచి వచ్చింది. మందారపు షర్బత్‌లో పులుపు నిమ్మరసానిది. రేకుల్లోని రంగు ఆమ్లం తగిలితే కెంపులా మెరుస్తుంది కనుక, నిమ్మరసంలో రాత్రంతా నానబెట్టి పాకంలో కలుపుతారు. పుంటికూర గిన్నెకు నిమ్మ అవసరం లేదు. పులుపు, ఎరుపు రెండూ దానిలోనే ఉన్నాయి. ఒకటి వైద్యుని చేతి షర్బత్, మరొకటి నీళ్లలో నానిన ఇంటి పానీయం.

నానబెట్టిన పానీయం ముస్లిం సమాజానికి కొత్తది కాదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఖర్జూరాన్నీ ఎండు ద్రాక్షనూ నీటిలో నానబెట్టి 'నబీజ్' తయారు చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఉదయం నానవేసినది సాయంత్రం, సాయంత్రం నానవేసినది ఉదయం సేవించేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) ఉల్లేఖనంలో మూడవ నాటి సాయంకాలం దాకా గడువు కనిపిస్తుంది. ఆ పైన మిగిలినది పారబోయించేవారు. అబ్దుల్ ఖైస్ తెగ ప్రతినిధులకు సొరకాయ బుర్ర, తారు పూసిన కుండ వంటి పాత్రలను మొదట నిషేధించడం, తరువాత అన్ని పాత్రలనూ అనుమతించి మత్తు కలిగించేదానిని మాత్రమే నిషేధించడం విద్యార్థులందరూ చదివే సంగతే. వేడి దేశంలో తీపి నీరు ఎంత త్వరగా పులిసిపోతుందో తెలిసిన సమాజం అది. తీపి కలిపిన కర్కదేను బయట ఉంచి మూడో రోజు నురగ వచ్చిందని ఆశ్చర్యపడేవారు ఈ హదీసులను వంటింటి కోణం నుంచి మరొకసారి చదవడం మంచిది. ఆయనకు ప్రియమైన పానీయం తీయగా, చల్లగా ఉండేదని తిర్మిజీలో ఉన్నది.

చల్లదనం మాత్రం హిందూదేశంలో సులభంగా దొరకలేదు. ఇక్కడ మంచు లేదు, చల్లని నీరు లేదు అని బాబర్ తన ఆత్మకథలో వాపోయాడు. అతని మనుమడు అక్బర్ కాలానికి ఒక ఉపాయం కుదిరింది. తుపాకి మందులో నిప్పు పుట్టించే సూరేకారంతోనే నీటిని చల్లబరిచేవారు. ఒక సేరు నీరు పట్టిన లోహపు కూజా మూతి బిగించి, రెండున్నర సేర్ల సూరేకారం, ఐదు సేర్ల నీరు కలిపిన పాత్రలో పావు గంట సేపు తిప్పేవారని అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో లెక్కతో సహా రాశాడు. 1586 నుంచి, దర్బారు పంజాబులో ఉండగా, కొండల నుంచి మంచు కూడా రాసాగింది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు చేరాయి. మద్రాసు సముద్రతీరాన ఆ వ్యాపారానికి 1842లో కట్టిన మంచు గిడ్డంగి భవనం నేటికీ నిలిచి ఉన్నది. సముద్రానికి దూరమైన దక్కను పీఠభూమిలో సామాన్యునికి దిక్కు మట్టి రంజనే. ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో మధ్యతరగతి ఇంటి ఇల్లాలు ఫ్రిజ్ నుంచి తీసి గ్లాసులో వేసే నాలుగు ముక్కలు, ఒకనాడు పాదుషాలు తుపాకి మందు ఖర్చుచేసి సాధించినదానికంటే చల్లనివి.

తయారీ కష్టమైనది కాదు. తాజా కాయలైతే తొడిమ దగ్గర కోసి, లోపలి గింజల కాయను వెనుక నుంచి నెట్టివేసి, ఎర్రని గిన్నెలను కడిగి నీడన ఆరబెట్టాలి. చలికాలంలో చేతికి వచ్చే వస్తువు, దాహం వేసేది చైత్ర వైశాఖాల్లో. కాబట్టి బాగా ఎండబెట్టి సీసాలో మూత బిగించుకోవడం తప్పదు. ఒక లీటరు నీటికి రెండు చిన్న గుప్పెళ్లు, అంటే సుమారు 20 గ్రాములు చాలు. నీరు మరిగించి దింపి, రేకులు వేసి పది నిమిషాలు మూతపెట్టి వడగట్టవచ్చు. తొందర లేనివారు చల్లని నీటిలోనే వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే వగరు తక్కువగా, రంగు నిర్మలంగా దిగుతుంది. పాత్ర స్టీలుదో గాజుదో కావాలి. అల్యూమినియం, కళాయి పోయిన రాగి గిన్నెలు ఈ పులుపుకు పనికిరావు. చక్కెర నాలుగైదు చెంచాలు. మంచు కరిగి పలుచన చేస్తుంది కనుక కషాయం కాస్త చిక్కగానే ఉండాలి. మంచు గ్లాసులో వేయాలి గాని కూజాలో కాదు. నానిన సబ్జా గింజలు హైదరాబాదు అలవాటు. సూడాన్ వారికి అది వింతగా తోచవచ్చు గాని రుచికి లోటు లేదు.

ఇది రక్తపోటును తగ్గిస్తుందన్న మాటలో కొంత నిజమున్నది. 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 65 మంది పాల్గొన్నారు. ఆరు వారాలు రోజుకు మూడు కప్పులు తాగినవారిలో పై సంఖ్య సగటున ఏడు పాయింట్లు తగ్గగా, రంగునీరు తాగినవారిలో ఒక పాయింటే తగ్గింది. ఆ ఫలితం సబ్దరిఫాది. పేరు ఒకటేనని మందారం మరిగించుకుని మాత్రలు మానుకోవడం ప్రమాదకరం. రక్తపోటు మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగిన తరువాతే దీనిని అలవాటు చేసుకోవాలి.

ఇంటి వెనుక రెండు గజాల నేల ఉన్నవారు కూరకు వేసిన మడిలో పది మొక్కలను పెరకకుండా, ఆకు గిల్లకుండా విడిచిపెడితే చాలు. పూత రాలిన సుమారు మూడు వారాలకు, కాయ ఎండకముందే గిన్నెలు కోయాలి. అప్పటికి లోపలి గింజ ముదరదు. అందుచేత రెండు మొక్కలను అసలు ముట్టకుండా చెట్టు మీదే ఎండనిచ్చి, ఆ గింజలను గుడ్డలో మూటకట్టి మృగశిర కార్తె వరకు దాచుకోవాలి.