ఆ చెక్కుడు అక్షరాలు మనవేనా?



పోయినేడు ఆగస్టు 9కి మా హాస్టల్ పిల్లలం తలా కొంచెం వేసుకుని ఒక పోస్టర్ చేయించాం. డిజైన్ చేసినాయన పైన ఇంగ్లీషులో పేరు పెట్టిండు. లావు అక్షరాలు, గొడ్డలితో చెక్కినట్టు మొనదేలిన మూలలు. ఇదే ఎందుకని అడిగితే, "ట్రైబల్ అన్నారు కదా, అడవి లుక్ ఉండాలి" అన్నాడు. అప్పుడు మేమేం మాట్లాడలేదు. రూంకి వచ్చాక మాత్రం అందరికీ అదే మాట గుచ్చుకుంది. గోండు, కోయ, నాయకపోడు పిల్లలం ఉన్నాం. మా ఇళ్ళల్లో ఎవరు రాశారు ఇట్లాంటి అక్షరాలు?

వెతికితే తెలిసింది. ఈ రకం అక్షరాలకి మూలం న్యూలాండ్ అనే ఫాంట్. పుట్టింది ఏ అడవిలోనూ కాదు, జర్మనీలో. 1923లో రుడాల్ఫ్ కోచ్ అనే ఆయన ఆఫెన్‌బాక్ పట్టణంలోని క్లింగ్‌స్పోర్ అచ్చక్షరాల కంపెనీ కోసం చేశాడు. ముందు కాగితం మీద బొమ్మ గీసుకోకుండా, నేరుగా లోహం మీదే చేత్తో చెక్కాడు. అందుకే ఒక సైజు అక్షరానికీ ఇంకో సైజుకీ కొంచెం తేడా ఉంటుంది. చివర్లలో తోకలుండవు, చిన్నబడి అక్షరాలు అసలే లేవు, అన్నీ పెద్దబడివే. కోచ్ గట్టి క్రైస్తవ భక్తుడు. న్యూలాండ్ అంటే కొత్త నేల అని అర్థం.

మరి ఆ భక్తుడి అక్షరం "అడవి" అక్షరం ఎట్లయింది? చూడ్డానికి చెక్క మీద కోసినట్టు మొరటుగా ఉంటుంది. అమెరికాలో ఆఫ్రికా గురించి, నల్లవాళ్ళ గురించి వచ్చిన పుస్తకాల అట్టల మీద దాన్ని వాడుతూ పోయారు. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమా పేరు కూడా ఆ అక్షరాలే. 1989లో కారొల్ ట్వాంబ్లీ అనే ఆమె పాత గ్రీకు శాసనాలు చూసి లిథోస్ అనే ఫాంట్ చేస్తే, దాన్నీ ఇట్లాగే వాడారు. 2004లో రాబ్ జాంపియెత్రో అనే అమెరికా డిజైనర్ ఈ సంగతంతా ఒక వ్యాసంలో బయటపెట్టాడు.

గమనించండి, ఒకటి జర్మనీది, ఇంకోటి గ్రీకు రాళ్ళ నుంచి వచ్చింది. ఆఫ్రికావాళ్ళనిగానీ మనల్నిగానీ ఎవరూ అడగలేదు. తప్పు అక్షరానిది కాదు, కోచ్‌దీ కాదు. అడవి మనుషులంటే మొరటోళ్ళు, చదువురానోళ్ళు అని ముందే మనసులో పెట్టుకుని, దానికి సరిపోయే అక్షరం వెతుక్కున్నారు. అంతే.

నిజానికి మనకి రాత లేదన్నది కూడా అబద్ధమే. ఇప్పటి మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో గోండీకి లిపి తయారుచేశాడు. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో వేరే గోండీ లిపిలో పాత రాతప్రతులే దొరికాయి. మసారం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. రెండింటికీ నోటో ఫాంట్లు ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి.

ఈసారి పోస్టర్‌కి గుంజాల ఫాంట్ మేమే దించుకుని, ఫోన్‌లో పట్టుకుని పోయాం. పైన గోండీ, కింద మామూలు తెలుగు అక్షరాలు. "ఇది ఏ భాష?" అని అడిగాడు డిజైన్ చేసేటాయన. మాలో గోండు తమ్ముడొకడు చెప్పిండు: "మాదే అన్నా."