చందమామ ఫైలు మళ్ళీ ఎందుకు తెరిచారు?

మన సంఘం సమావేశాల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "కరువు భత్యం బకాయిలకు డబ్బు లేదంటారు, చంద్రుడి మీదికి రాకెట్లు పంపడానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అడగవలసిన ప్రశ్నే.

మనిషిని మొదట చంద్రుడి మీదికి పంపింది పంతం. 1961 ఏప్రిల్ 12న రష్యావారి గగారిన్ అంతరిక్షంలో తిరిగి వచ్చాడు. నెలన్నర తిరక్కుండానే, ఆ దశాబ్దం ముగిసేలోగా చంద్రుడిపై మనిషిని దించాలని అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తమ చట్టసభ ముందు ప్రకటించాడు. 1969 జూలైలో దించారు కూడా. పందెం గెలిచాక ఖర్చు బరువనిపించింది. అపోలో 18, 19, 20 యాత్రలు రద్దయ్యాయి. 12 మంది నడిచి, 382 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చాక, 1972 డిసెంబరుతో సరి. 1976లో రష్యా లూనా-24 దిగిన తరువాత 37 ఏళ్ళపాటు అక్కడ యంత్రమైనా మెల్లగా దిగలేదు. మన భాషలో చెప్పాలంటే ఫైలు రికార్డు రూముకు చేరింది.

దాన్ని బయటికి తీయించింది నీరు. అపోలో రాళ్ళను చూసినవారు చంద్రుడిపై నీరు లేదనే తేల్చారు. 1998లో ఒక అమెరికా నౌక ధ్రువాల దగ్గర హైడ్రోజన్ జాడ పసిగట్టింది. ఆపైన 2008 అక్టోబరు 22న పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయలుదేరింది. అందులోని అమెరికావారి పరికరం చంద్రుడి నేలపై నీటి జాడ పట్టింది. 2009 సెప్టెంబరులో ఆ కబురు వెలువడేనాటికి నౌకతో సంబంధాలు తెగి నెల కావస్తోంది. పరికరం వారిది, బండి మనది. ఘనత ఎవరిదన్న తగాదా నాకు అనవసరమనిపిస్తుంది.

చంద్రుడి ధ్రువాల దగ్గర కొన్ని లోతైన గోతుల్లో ఎన్నడూ ఎండ పడదు. అక్కడ మంచు నిలిచి ఉంటుంది. నీరుంటే తాగవచ్చు, విడగొడితే పీల్చడానికి ప్రాణవాయువు, రాకెట్టుకు ఇంధనం. ఇవన్నీ భూమి నుంచి మోసుకెళ్ళే బాధ తగ్గుతుంది. అందుకే ఇప్పుడు అందరి చూపూ దక్షిణ ధ్రువంవైపే. 2019లో మన విక్రమ్ కూలిపోయినా, 2023 ఆగస్టు 23న మరో విక్రమ్ ఆ ప్రాంతానికి చేరువలో క్షేమంగా దిగింది.

ఇక ఖర్చు. చంద్రయాన్-1కు 386 కోట్లు. ఆనాటి జనాభాకు పంచితే తలకు నాలుగు రూపాయలు కూడా పడలేదు. బకాయిలది వేరే పద్దు; వాటిని అడగడం మానవద్దు.

చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,104 కోట్లు మంజూరు చేసింది. జపానుతో కలిసి తలపెట్టిన ఆ తరువాతి యాత్ర, ధ్రువం దగ్గర నేల తొలిచి నీటిని వెతకడానికే.