ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్‌కి

ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే లైసెన్సు తుపాకులున్నవాళ్లకు స్టేషన్ నుంచి కబురు వస్తుంది, ‘గన్ డిపాజిట్ చెయ్యండి’ అని. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న కుందుర్పి మండలంలోనూ ఇదే పద్ధతి. బ్యాంకు కాపలాదారుల వంటివారికి మినహాయింపు ఉంటుంది. బెయిలు మీద ఉన్నవాళ్లు, పాత కొట్లాట కేసులున్నవాళ్లు మాత్రం తప్పించుకోలేరు.

ఈ లైసెన్సు తెల్లదొరల భయంలోంచి పుట్టింది. 1857 తిరుగుబాటు చవిచూసిన ప్రభుత్వం, లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చింది. యూరోపియన్లను వదిలేసి భారతీయుల మీదే ఆంక్ష పెట్టింది. కాంగ్రెసు దాన్ని ఏళ్ల తరబడి తిట్టిపోసింది. 1931 కరాచీ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది కూడా. తీరా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కే అడిగితే అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. 1959లో కొత్త చట్టం వచ్చినా లైసెన్సు పోలేదు. పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకీకి మాత్రం వీలుంచారు. అడవిపందులు వేరుశనగ చేలు తవ్విపోసే మన మెట్టలో రైతుకు పనికొచ్చే ముక్క అదొక్కటే.

కాంగ్రెసు ఇంత మాట తప్పినా తుపాకీ లైసెన్సు ఓట్ల సమస్య కాలేదు. అదే అమెరికాలోనైతే 1994 సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ కొన్నిరకాల తుపాకుల నిషేధంపై సంతకం చేశారు. నవంబరులో ఆయన పార్టీ డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో 54 సీట్లు పోగొట్టుకున్నారు, స్పీకర్ టామ్ ఫోలీ సైతం ఓడిపోయారు. ఆరోగ్య బీమా గొడవా అందులో ఉంది గానీ, తుపాకీ సంఘాల దెబ్బే గట్టిదని క్లింటనే చెప్పుకున్నారు. పదేళ్ల గడువు తీరి 2004లో ఆ నిషేధం పోయింది.

మన అనంతపురం జిల్లా కథ వేరు. ఫ్యాక్షన్ ఎక్కువగా నడిచింది నాటుబాంబులు, వేటకొడవళ్ల మీద. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గరే కాల్చి చంపారు. ఆ ఏడాదే ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. తుపాకీకి బలైన ఇంటికి ఇక్కడ ఓట్లు పడతాయి. తుపాకులు తగ్గిస్తామనే హామీకి గిరాకీ లేదు. వెంట గన్‌మెన్ ఉంటేనే నాయకుడని నమ్మేచోట ఎలా ఉంటుంది?

కాబట్టే ఈ కట్టడి భారం ఓటు అడగక్కర్లేని ఎన్నికల కమిషన్ మీద పడింది. దాని ఆదేశం లైసెన్సున్న తుపాకీనే స్టేషన్‌కు రప్పిస్తుంది; బాంబుకు లైసెన్సూ లేదు, డిపాజిటూ లేదు. ఫలితాలు వెలువడిన వారం తర్వాత ఎవరి తుపాకీ వారికి తిరిగి ఇచ్చేస్తారు.